నీళ్లూ నిప్పూ

ఏలూరు బస్టాండులో టీ గ్లాసుతో నవ్వుతూ వచ్చి భార్య పక్కన కూర్చున్నాడతను.

“ఉద్యోగానికి పెట్టిన మూత్రం పరీక్ష పాసయ్యానే! మత్తుమందేం లేదని రాశారు.”

“మీ ఫిట్స్ బిళ్లలు మత్తుమందు కిందే తేలతాయన్నారు కదండీ?”

“అందుకే పోయిన నెల్లోనే మానేశాను.”

“అయ్యో! డాక్టరు గారి చీటీ చూపించకపోయారా?”

“చూపిస్తే బిళ్లలకి సరేనంటారు, జబ్బుకి పొమ్మంటారు. కొల్లేట్లో చేపల చెరువుల గట్లు గవర్నమెంటోళ్లు కొట్టేశాక మనకింకేం పనుంది?”

“ఇంతకీ ఉద్యోగం ఎక్కడండీ?”

“సముద్రం మధ్యలో, గ్యాసు తీసే చోట. కింద నీళ్లు, పైన మంట.”

“నీళ్ల దగ్గరికీ నిప్పు దగ్గరికీ వెళ్లొద్దని డాక్టరు గారు మరీ మరీ చెప్పారు కదండీ!”

అతను పలకలేదు. చేతిలో గ్లాసు ఒరిగి, పొగలు కక్కే టీ పాదం మీద పడుతోంది. ముఖంలో ఇందాకటి నవ్వు అలాగే ఉంది. కాలు మాత్రం తీయలేదు.