డోనర్ బండి

రాయ్‌పూర్ శంకర్ నగర్‌లో యుగంధర్ ఇంటి వెనకాల రేకుల షెడ్డు. అందులో కొత్తగా ఆకుపచ్చ రంగు వేసిన పాతకాలపు జీపు. శనివారం సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చిన మాలతి, చెప్పులైనా విప్పకుండా నేరుగా మొగుడి దగ్గరికి వచ్చింది.

"నేనడిగేది ఒక్కటే. మరియమ్మగారి జీపు ఎక్కడుంది?"

"చెప్పాను కదే, భన్‌పురీలో. పెయింటర్ దగ్గర."

"పెయింటర్ దగ్గర."

"ఆఁ."

"పక్కా?"

"పక్కా. ఏటీ, గుమ్మంలోకి రాగానే పోలీసు ఎంక్వైరీ? ఆ పానా ఇలాగియ్యి."

"పానా కాదు, చీపురిస్తాను. ఇవాళ మధ్యాహ్నం సిల్తారాలో మా ఇనుము ఫ్యాక్టరీ లారీల కాంటా మీద ఏటి చూశానో తెలుసా?"

"ఏటుంటాయి అక్కడ, తుక్కు లారీలు."

"తుక్కు లారీయే. దాని మీద ఒక జీపు డొక్కు. తెల్ల రంగు. పక్కన ఎర్ర సిలువ గుర్తు, దాని కింద తెలుగులో 'ప్రభువు కృప' అని. రాయ్‌పూర్ మొత్తానికి తెలుగులో రాసున్న జీపులు ఎన్నున్నాయండీ?"

"ఎవరిదో అయ్యుంటుంది."

"ఎవరిదో!"

"మిషన్ ఆసుపత్రోళ్ళకి అలాంటివి నాలుగైదుండేవంట."

"నాలుగైదింటికీ వెనక రేకు మీద 'దివ్య' అని మేకుతో గీకి ఉండేదా? ఆవిడ కూతురి పేరు?"

"మాలతీ, విను..."

"వింటున్నాను. పెయింటరే ఎక్కించాడా లారీ?"

"బాడీ తుప్పు పట్టిపోయింది. అడుగంతా జల్లెడే. కొత్త బాడీ చేయిద్దామని..."

"అయితే తక్కిన బండేదీ?"

"తక్కినదా? తక్కినది... ఉంది."

"ఎక్కడ?"

"అరే యార్, ఉందన్నాను కదా!"

"నా మొహం చూసి చెప్పండి."

"ఇక్కడే."

"ఇక్కడంటే?"

"ఇందులో. మన జీపులో. కొంత."

"కొంత!"

"ఫోర్ వీల్ గేరు పెట్టె. ముందు ఇరుసు. స్టీరింగు. బస్, అంతే. మిగతాది తుక్కు కొనే కబాడీవాడు తీసుకుపోయాడు."

"ఇంజను?"

"ఇంజను నాకెందుకు? మనకి మంచిదుంది కదా."

"నడిచే ఇంజనండీ అది! మనం వెళ్ళిన రోజు ఆవిడే తాళం తిప్పింది, ఒక్క దెబ్బకి అందుకుంది. ఇంటి ముందు కోళ్ళన్నీ చెదిరిపోయాయి, మనం నవ్వుకున్నాం. దాన్ని తుక్కుకిచ్చారా?"

"నువ్వలా చూడకు. ఏడాది తిరిగాను ఆ గేరు పెట్టె కోసం. ఏడాది! జబల్పూర్ పోతే మిలిటరీ వేలంలో సరుకంతా ముందే ఎవడో ఎత్తుకుపోయాడు. ఢిల్లీలో ఒకడు తల్లి మీద ఒట్టేసి ఒరిజినల్ అని నకిలీది అంటగట్టాడు. గుర్తుందా, గేటు దాటకముందే పళ్ళు రాలిపోయాయి. కోయంబత్తూరోడు ఫోటో పెట్టి, డబ్బులెయ్యగానే ఫోన్ ఆఫ్. రాత్రీ పగలూ ఆ వాట్సాప్ గ్రూపులోనే పడున్నాను."

"పాపం."

"వెటకారమా? రేపు పాత బండ్ల ర్యాలీలో జడ్జీలు బండి కిందకి దూరి మరీ చూస్తారు. కంపెనీ అచ్చున్న గేరు పెట్టె లేకపోతే నన్ను లైన్లో నిలబెట్టనే నిలబెట్టరు."

"అందుకని బతికున్న దాన్ని కోసేశారు."

"ఈ లైన్లో అందరూ చేసేదే. ఒక పాత బండి లేవాలంటే ఇంకోటి పోవాలి. దాన్ని డోనర్ బండి అంటారు."

"దానమిచ్చిన వాళ్ళని డోనర్ అంటారు. ఆవిడ దానమిచ్చిందా?"

"కొన్నాను! నా బండి, నా ఇష్టం."

"ఎలా కొన్నారు? అది చెప్పండి. మీకన్న ముందు వచ్చినోళ్ళందరినీ 'ముక్కలు చేసేవాళ్ళకి ఇవ్వను' అని గుమ్మంలోంచే పంపేసింది. నడిపే మేనల్లుడికి ట్రాన్స్‌ఫరైపోయింది, తనకి కళ్ళు ఆనవు, అయినా సరే ఇవ్వలేదు. మిమ్మల్నీ పొమ్మంది. అప్పుడు మీరేటి చేశారు? నన్ను తీసుకెళ్ళారు. 'నువ్వు రా మాలతీ, పెద్దావిడ, తెలుగు మాట విని ఎన్నాళ్ళయిందో, నిన్ను చూసి సంతోషిస్తుంది.' పిచ్చిదాన్ని, పొంగిపోయి పళ్ళు కూడా కొనుక్కుని మరీ వచ్చాను."

"సంతోషించింది కదా మరి?"

"నా చెయ్యి పట్టుకుంది. 'బండ్ల విషయంలో మగాళ్ళ మాట నమ్మనమ్మా, నువ్వు చెప్పు, నడుపుకుంటారా' అని నన్నడిగింది. 'ఇంట్లో మనిషిలా చూసుకుంటామండీ' అన్నాను. నేనన్నాను, ఈ నోటితో! అప్పటికే మీ మనసులో ఉందా, కోసేద్దామని?"

"ఇప్పుడవన్నీ ఎందుకు?"

"ఉందా, లేదా?"

"ఉంటే మాత్రం? నీకు ముందే చెబితే నువ్వంత బాగా చెప్పేదానివి కాదు కదా."

"థూ!"

"మాలతీ!"

"నన్ను గాలానికి ఎర గుచ్చినట్టు గుచ్చారు కదండీ. పెళ్ళాన్ని! ఆ లారీ చూసి నేను కాంటా దగ్గరికి పరిగెత్తాను తెలుసా? ఆ డ్రైవరు నవ్వుతున్నాడు, 'మేడమ్, కబాడ్ హై' అని. అడిగేలోపే క్రేను అయస్కాంతం దించి ఎత్తుకుపోయింది. కొలిమిలో పడేసింది. వచ్చే వారానికి అది ఊచలై ఎవరింటి స్లాబులోనో ఉంటుంది."

"సరే, అయిందేదో అయిపోయింది. ఇంక దాని గురించి వదిలెయ్. ఆవిడకి తెలీదు, తెలియక్కర్లేదు."

"ఆవిడ వస్తోంది."

"ఎవరు?"

"మరియమ్మగారు. మొన్న నేనే ఫోన్ చేసి పిలిచాను. రంగు అయిపోవచ్చింది, శనివారం సాయంత్రం రండి, మావారు మిమ్మల్ని మీ బండిలోనే చర్చికి తీసుకెళ్ళి తీసుకొస్తారు అని. మీకూ చెప్పాను. ఈ బానెట్‌లోంచి తల తియ్యకుండా ఊఁ అన్నారు."

"నీకు బుద్ధుందా?"

"లేదు. ఉంటే మీ మాట నమ్ముతానా?"

"ఫోన్ చెయ్యి. రావద్దను. జ్వరమను, ఏదో ఒకటను."

"ఆటో ఎక్కేసింది. ఇందాకే ఫోన్ చేసింది, తెలీబాంధా దాటానని. గొంతులో ఎంత సంబరమో."

"ఆగు. ఆగు, టెన్షన్ పడకు. ఆవిడకి కళ్ళు కనపడవు కదా?"

"అయితే?"

"ఇదే ఆ బండి అని చెబుదాం. రంగు మార్చామందాం."

"ఏటీ?"

"సగం నిజమే కదా! స్టీరింగు ఆవిడదే, పట్టుకుంటే ఆవిడకే తెలుస్తుంది. చర్చి దాకా తిప్పి దింపేస్తాను, ఆవిడ హ్యాపీ, మనం హ్యాపీ. నువ్వొక్క మాటను చాలు, ఇదేనండీ మీ బండి అని. నీ మాటైతే నమ్ముతుంది."

"మళ్ళీ నేనా?"

"ఒక్క మాటే!"

"మిమ్మల్ని చూస్తుంటే ఒంటి మీద జెర్రులు పాకుతున్నట్టుందండీ. దూరంగా జరగండి."

"అమ్మా, మాలతీ! ఉన్నావా తల్లీ?"

"వచ్చేసింది. మొహం మామూలుగా పెట్టు. రండి మరియమ్మగారూ, ఇటు, వెనక్కి రండి!"

"వస్తున్నా బాబూ. ఈ ఆటోవాడు పండరీ బట్టల బజారు సందులన్నీ తిప్పాడు, నేనేదో చీరలు కొంటాననుకున్నట్టున్నాడు. ఆ రేకు పెట్టె కొంచెం దించించు నాయనా, బరువు. ఆటోని పంపించేసెయ్, మీరు తిప్పుతారన్నారు కదా."

"పంపించేశానండీ. ఇదిగో చూడండి, మీ బండి! ఎలా తయారైందో!"

"ఇదా? నాకేదో పచ్చగా మసగ్గా కనపడుతోంది. మాది తెల్లది కదూ?"

"రంగు మార్చామండీ. రేపు ర్యాలీ. ప్రైజొస్తే మీ బండి ఫోటో పేపర్లో కూడా పడుతుంది."

"ఓరి నాయనో! మా ఆయన యోహాను ఉంటే ఎగిరి గంతేసేవాడు. ఏదీ, ఎక్కుతాను, చెయ్యియ్యమ్మా మాలతీ. ఇదేమిటే తల్లీ, నీ చెయ్యి ఇంత చల్లగా ఉంది?"

"ఇప్పుడే కడుక్కుందండీ."

"ఆఁ, స్టీరింగు మాదే. ఇదుగో, ఈ అరుగుదల ఆయన బొటనవేలిదే. ఆసుపత్రి డ్రైవరుగా పురిటి కేసులకి ఊళ్ళు పట్టుకు తిరిగీ తిరిగీ. స్తోత్రం తండ్రీ, స్తోత్రం."

"చెప్పాను కదండీ!"

"వెనక సీటేమిటి మెత్తగా తగులుతోంది? మా దివ్య పుట్టింది ఆ చెక్క బల్ల మీదే. ఆసుపత్రికి ఇంకా సగం దారుంది, వాన, బండి బురదలో ఆగింది. ఆ చిన్న గేరు వేసి ఆయన బండిని పైకి లాగుతుంటే పిల్ల ఏడ్చింది. బండికీ బిడ్డకీ ఒకేసారి ప్రాణం లేచొచ్చింది అనేవాడు. బల్ల తీసేశారా బాబూ?"

"సీటు... సౌకర్యంగా ఉంటుందని."

"పోనీలే. మాలతీ, నువ్వేమీ మాట్లాడవేమమ్మా? మా బండేనా ఇది?"

"దానికి గొంతు పట్టేసిందండీ. ఫ్యాక్టరీలో ధూళి."

"అయ్యో, ఆవిరి పట్టు తల్లీ. పసుపేసి పట్టు. సరే బాబూ, ఆ పెట్టె ఇటు తే. తాళం లేదు, నువ్వే తెరు."

"ఏంటండీ ఇవి, చీర ముక్కల్లో చుట్టి? అరే! అరే బాప్‌రే!"

"యోహాను దాచినవి. ఆసుపత్రివాళ్ళు బండి వేలం వేసినప్పుడు స్టోరులో ఉన్న కొత్త సామానూ తనే పాడుకున్నాడు. గ్రీజు పూసి, నా పాత చీరలు చింపి చుట్టాడు. నేను పోయాక కూడా బండి ఆగకూడదే మరియా అన్నాడు. బండి బాగా చూసుకుంటున్నారు కదా, ఇంక మీ దగ్గరుంటేనే న్యాయమని తెచ్చాను."

"గేరు పెట్టె! ఫోర్ వీల్ గేరు పెట్టె! కంపెనీ అచ్చు కూడా చెరగలేదు! మాలతీ, చూడవే! ఏడాది వెతికానండీ దీనికోసం, దేశమంతా వెతికాను!"

"దేనికి బాబూ?"

"ఆఁ?"

"మా బండికి అది బాగానే ఉంది కదా. నువ్వెందుకు వెతికావు?"

"అంటే... స్పేరుకి. ఎప్పుడైనా పనికొస్తుందని."

"నువ్వు కొని రెండు నెలలు కాలేదు. ఏడాదిగా వెతుకుతున్నావా?"

"అది... మాట వరసకి ఏడాది అన్నానండీ."

"మాలతీ. గొంతు బాగోకపోయినా సరే, ఒక్క మాట చెప్పమ్మా."

"మీ బండి లేదండీ."

"మాలతీ! నోర్ముయ్!"

"మీరు ముయ్యండి! లేదండీ మరియమ్మగారూ. కోసేశారు. ఆ గేరు పెట్టె కోసమే కొన్నారు, అది తీసి ఇందులో పెట్టుకున్నారు. మీరు పట్టుకున్న స్టీరింగు మీదే. తక్కినదంతా ఇవాళ మా ఫ్యాక్టరీ కొలిమిలో పడింది, నా కళ్ళ ముందే. నాకు తెలీదండీ, ఒట్టు, ఇవాళ్టిదాకా తెలీదు. కానీ మీకు మాటిచ్చింది నేను. నన్ను తిట్టండి. కొట్టండి."

"నన్ను దించమ్మా."

"ఏడవకండి, మీకు దణ్ణం పెడతాను."

"ఏడవట్లేదు. కళ్ళలోంచి ఎప్పుడూ నీళ్ళే. దించు, ఈ సీటు నాకొద్దు."

"నేను దింపుతాను మిమ్మల్ని ఇంటికి. స్కూటీ తీస్తాను. లోపలికొచ్చి కాసిని మంచినీళ్ళు తాగండి."

"వద్దు తల్లీ, పద. ఇక్కడ నాకు ఊపిరాడట్లేదు."

"మరియమ్మగారూ, ఒక్క నిమిషం. స్కూటీ మీద ఈ పెట్టె పట్టదు కదండీ. మీకు మాత్రం దేనికింక? ఎంతో చెప్పండి, ఇప్పుడే ఇచ్చేస్తాను."

"ఛీ! మీరు మనిషేనా?"

"అతన్నేమీ అనకమ్మా, నేను చెబుతాను. బాబూ, ఇవి అమ్మేవి కావు. ముక్కలు చెయ్యడానికి ఇవ్వనన్నది బండిని, ఈ పెట్టెలో సామాన్ని కాదు. ఆ రోజు మా గుమ్మంలో నిలబడి 'నా బండి ఆగిపోయింది, ఒక గేరు కావాలమ్మా' అని నిజం చెప్పుంటే ఊరికే ఇచ్చేదాన్ని. నీదీ నడిచేది, మాదీ నడిచేది."