గుట్ట ఉత్తరం

ఇంకా ఎంతసేపురా ఆ బూట్లకేసి చూస్తూ కూర్చుంటావ్? కింద నాన్న సెలూన్లో జనం కిక్కిరిసిపోయారు. మూడు కుర్చీలూ నిండాయి, బెంచీ నిండింది, మెట్ల మీద కూడా కూర్చున్నారు. క్షవరానికి వచ్చారనుకుంటున్నావా? ఒక్కడి మొహాన సబ్బు నురగ లేదు. అంతా నీ కోసమే. లెఫ్టినెంటు గారి నోటివెంట గుట్ట కథ వినాలట. ఛీ!

నువ్వూ నాన్నా ఒకటే. పలక్కుండా కూర్చుంటే అక్క అరిచి అరిచి అదే ఊరుకుంటుందని మీ ధీమా. ఇవాళ ఊరుకోను.

అసలు మనింట్లో నీ ఉత్తరం ఎలా చదువుతారో తెలుసా నీకు? పోస్టుమాన్ బుధవారం తెచ్చిచ్చినా సరే, కవరు చింపకూడదు. ఆదివారం దాకా సెలూన్లో పెద్దద్దం అంచున దోపి ఉంచుతాడు నాన్న. వచ్చినవాళ్ళందరి కంటా పడాలిగా మరి! నేను రోజూ దాని ముందే జుట్టు ఊడుస్తూ తిరుగుతాను. లోపల నా తమ్ముడు బాగున్నాడో, దెబ్బ తగిలి పడున్నాడో తెలీదు. ముట్టుకుంటే ఒప్పుకోడు.

ఆదివారం షాపు నిండాక, ఆయన చేతులు తుడుచుకుని, గడ్డం గీసే కత్తితోనే కవరు కోస్తాడు. సగం గీసిన గడ్డాలతో, మెడల చుట్టూ తువ్వాళ్ళతో వినాల్సిందే అందరూ. పారిపోయే దారేదీ వాళ్ళకి?

మొదట్లో నువ్వు రాసినవి... అవీ ఉత్తరాలంటే. బూట్లు నానిపోయి కాలివేళ్ళ మధ్య తోలు ఊడిపోతోందని రాశావ్. నీకంటే ఎంతో పెద్దవాడు, నీ కింద పనిచేసే ఓ జవాను, కూతురి ఫొటో పట్టుకుని ఏడిస్తే ఏం చెయ్యాలో తెలీక పక్కకెళ్ళి నిలబడ్డానని రాశావ్. చదువుతుంటే నాన్న అక్కడ ఆగి, దగ్గి, "ఇక్కడ సిరా అలుక్కుపోయిందండీ" అనేవాడు. ఏం అలుక్కుపోలేదు! వెనకే నిలబడి చూస్తున్నాగా నేను.

ఓ ఆదివారం మందుల షాపాయన అననే అన్నాడు. "ఇదేంటండీ, యుద్ధానికెళ్ళినవాడు కాలివేళ్ళ గురించి రాస్తాడు?" అందరూ నవ్వారు. నాన్నకి తల కొట్టేసినట్టయింది. ఆ సాయంత్రమే కూర్చుని నీకు రాశాడు. కవరు మీద అడ్రసు రాసింది నేనేలే. నలుగురూ అడుగుతున్నారు, కాస్త పైకి చదివి వినిపించగలిగేది ఏదైనా రాయి బాబూ, అని.

నువ్వు రాశావ్!

ఎంత బాగా రాశావురా, సిగ్గు లేకుండా. గుట్ట నిండా శత్రువులు. నువ్వు ముందు, నీ వెనక ముప్ఫై మంది. పక్కనే బాంబు పడినా నువ్వు ఆగలేదు. నాన్న ఒక్కో వాక్యం రెండేసి సార్లు చదివాడు. సెలూనంతా ఈలలు, చప్పట్లు. మందుల షాపాయన లేచి, సబ్బు మొహంతోనే నాన్నని వాటేసుకున్నాడు. నేను మాత్రం చప్పట్లు కొట్టలేకపోయాను. ఎందుకో అప్పుడు అర్థం కాలేదు. తమ్ముడు క్షేమంగా ఉన్నాడు, సంతోషించవేంటే అని నన్ను నేనే తిట్టుకున్నాను.

నిన్న పొద్దున డాబా మీద బట్టలు ఆరేస్తుంటే వచ్చి చెప్పావు చూడు, అప్పుడు అర్థమైంది.

గుట్ట మీద ఎవరూ లేరట! తెల్లారేదాకా కాల్చి కాల్చి, పైకెక్కి చూస్తే ఖాళీ గోతులు, ఓ చచ్చిన మేక. చీకట్లో మనవాళ్ళ తూటాలే మనవాళ్ళిద్దరికి తగిలాయట. అందులో ఒకడు ఆ ఫొటో పట్టుకుని ఏడ్చినాయన. ఎంత తేలిగ్గా చెప్పావురా! చేతికి క్లిప్పులు అందిస్తూ చెప్పావ్.

ఒకటడుగుతాను. మీ జవాన్లు ఇంటికి రాసేవన్నీ ముందు నువ్వే చదవాలన్నావుగా, బయటికి పొక్కకూడనిది ఉంటే నల్లగా కొట్టేయాలన్నావుగా? మరి ఆ ముప్ఫై మందిలో ఒక్కడైనా పెళ్ళానికి రాసుంటాడుగా, గుట్ట మీద ఎవరూ లేరే అని? ఏం చేశావ్?

కొట్టేశావ్. తల ఎందుకు దించుకుంటావ్, తెలుస్తూనే ఉంది. మరి నీ ఉత్తరం ఎవరు చూస్తారు? ఎవరూ చూడరు. ఆఫీసరు మాటంటే అంత నమ్మకమట! భలే నమ్మకం.

సరే పోనీ. సెలూన్లో కోతలు ఇవాళ కొత్తా, వాటివల్ల ఎవరికి ఏం నష్టంలే అని నేనూ సరిపెట్టుకునేదాన్నే. కానీ ఇస్త్రీ బాబాయి కొడుకున్నాడే, వాడి సంగతేంటి? నీ గుట్ట ఉత్తరం నాన్న మళ్ళీ మళ్ళీ చదివిన ప్రతి ఆదివారం వాడు వచ్చి కూర్చున్నాడు. మూతి మీద నాలుగు వెంట్రుకలు లేవు, గడ్డం గీయించుకోవడానికట! రేపు సైన్యంలో పేరిస్తానంటున్నాడు. ఇవాళ నీ నోటితో ఒక్కసారి విని.

బాబాయి నిన్న నాతో ఏమన్నాడో విను. "అమ్మాయీ, మాకేం తెలుసు? తమ్ముడు వెళ్ళొచ్చినవాడు. వాడు పంపమంటే పంపిస్తా, వద్దంటే వీణ్ణి నా ఇస్త్రీ బల్లకి కట్టేసైనా ఆపుతా" అన్నాడు. ఉన్నది ఒక్కడే కొడుకు ఆయనకి. నువ్వు వేసుకున్న ఆ చొక్కా ఇస్త్రీ చేసింది ఎవరనుకున్నావ్? వద్దన్నా వినకుండా తీసుకెళ్ళి, మడత నలగకుండా రెండు చేతుల మీదా మోసుకొచ్చాడు.

అందుకే, కిందకెళ్ళి ఒక్క మాట చెప్పు. నాకు చెప్పినట్టే చెప్పు. నాన్న పరువు పోతుందా? పోనీ. మందుల షాపాయన నవ్వుతాడా? నవ్వనీ. వాడైనా బతుకుతాడు.

ఏంటీ? గొణక్కు, గట్టిగా చెప్పు.

సెలవా? సెలవుకీ దీనికీ ఏంటి సంబంధం? రాత్రి భోజనాల దగ్గర చెప్పావుగా, ఇంకో రెండు వారాలు పెరిగేట్టుందని. నాన్నా నేనూ ఎంత సంతోషపడ్డాం!

ఉండు ఉండు. సరిగ్గా చెప్పు. సొంతూరి నుంచి ఒకణ్ణి చేర్పిస్తే ఆఫీసరుకి సెలవు పెంచుతారా? మనిషికి రెండు వారాలా? అదీ ఒక రూలా? ఎవడ్రా పెట్టింది?

అందుకా వచ్చిన రోజే బాబాయి కొట్టుకెళ్ళి వాడి భుజమ్మీద చెయ్యేసుకుని వీధంతా తిరిగావ్! పిచ్చిదాన్ని, పెద్ద ఆఫీసరయ్యాడు, అయినా పాత స్నేహం మర్చిపోలేదని మురిసిపోయాను. ఛీ, నువ్వు నా తమ్ముడివేనా? జరుగు. నన్ను ముట్టుకోకు.

ఏడవకు. ఏడిస్తే నాకు ఇంకా మండుతుంది.

...ఆ చెయ్యేంటి అలా వణుకుతోంది? ఇటు చూపించు. ఎప్పట్నుంచి? చలి అన్నావే మొన్న? గోతిలో కూడా ఇలాగేనా? రెండోది? రెండూనా?

వాడు చేరకపోతే నువ్వు ఎప్పుడెళ్ళాలి?

ఎల్లుండేనా? పొద్దున్న బండికే? ఈ చేతులతోనా?

ఉండు, కింద నుంచి నాన్న పిలుస్తున్నాడు. "ఆ, వస్తున్నాడు నాన్నా! రెడీ అవుతున్నాడు!"

విన్నావా నా గొంతు? ఎంత మామూలుగా వచ్చిందో.

ఇలా రా. మొహం తుడుచుకో. పై గుండీ పెట్టుకోలేదు నువ్వు. నీవల్ల కాదులే, నేను పెడతాను. గడ్డం పైకెత్తు. కదలకు.

బాబాయి, వాడూ ముందే కూర్చుని ఉంటారు. వాళ్ళకేసి చూశావంటే తడబడతావ్. నాన్న మొహం చూసి చెప్పు, బాగా వస్తుంది. చేతులు వెనక్కి కట్టుకో, ఎవరికీ కనపడవు.

అలా చూడకు. అవును, చెప్పమంటున్నాను. గుట్ట కథే చెప్పు. ఇందాక వాడైనా బతుకుతాడన్న నోటితోనే చెప్తున్నాను. నాకు నువ్వు ఇంకో రెండు వారాలు కావాలి. ఇన్నాళ్ళూ నాన్నని చూస్తే రోత పుట్టేది, ఇందాక నిన్ను చూస్తే పుట్టింది, ఇప్పుడు మీ ఇద్దరి కంటే నేనే నయమని చెప్పుకునే మొహం కూడా నాకు లేదు. ఏం చెయ్యను?

వెళ్ళు. నేను కిందకి రాను. ఆ కిటికీ తలుపు వేసి వెళ్ళు, చప్పట్లు ఇక్కడిదాకా వినపడతాయి.