నాలుగో బంతి తిరగలేదు

అయ్యా, నా పేరు పైన రాసుకున్నారు. వయసు యాభై నాలుగు. పళ్ల డాక్టరును. ఇరవై ఆరేళ్లలో నా చెయ్యి వణికిందని ఏ రోగీ అనలేదు. ఈ మాట కూడా రాయండి.

రెండేళ్లుగా ప్రతి ఆదివారం మా బావమరిదితో కలిసి డ్రైవింగ్ రేంజికి వెళ్తున్నాను. అక్కడ గోల్ఫ్ ఆట ఉండదు, సాధన మాత్రమే. వరసగా నిలబడి మైదానంలోకి బంతులు కొడతాం. వాటిని ఏరడానికి ఇనుప జాలీ బిగించిన బండి తిరుగుతుంది. దాన్ని నడిపే మనిషిని అందరూ పంజరం అంటారు. బంతుల బుట్టలు ఇచ్చేది అతని భార్య. బంతి బండికి తగిలి ఠంగుమంటే అందరూ చప్పట్లు కొడతారు. అది తప్పని ఎవరూ అనుకోరు. బావమరిదికి లెక్కలేనన్నిసార్లు తగిలింది. నాకు ఒక్కసారీ తగల్లేదు. నా బంతి సగం దూరం పోయి కుడికి తిరిగిపోయేది.

అందుకని పంజరానికి నేనంటే లోకువ. నేను కొట్టే కర్ర, అదే క్లబ్బు, పట్టుకోగానే బండి తెచ్చి సరిగ్గా నా ఎదురుగా ఆపి, టీ తాగేవాడు. "డాక్టరు గారు కొడుతుంటే ఇంతకన్నా భద్రమైన చోటు లేదండీ!" అని అరిచేవాడు. జనం పడీ పడీ నవ్వేవారు. "బావా, నువ్వు గోడ వైపు తిరిగి కొట్టు, నేరుగా పోతుంది," అనేవాడు బావమరిది. నేనూ నవ్వేవాణ్ణి. ఒళ్లు మండిపోయేది.

ఎవరికీ చెప్పకుండా ఊరికి అవతల ఉన్న ఇంకో రేంజిలో చేరాను. మూడు నెలలు, రోజూ పొద్దున ఆరింటికి. కోచ్ చెప్పినట్టు చంకలో తువ్వాలు పెట్టుకుని, అది జారకుండా రెండు వందల బంతులు. జారితే మళ్లీ మొదటి నుంచి. అరచేతులు బొబ్బలెక్కాయి. "బలం కాదు సార్, ఏదో ఒకటి గురి పెట్టుకోండి," అన్నాడు. పెట్టుకున్నాను. ఏమిటని అతను అడగలేదు.

ఆదివారాలు మాత్రం ఇక్కడికి వచ్చి కావాలనే కుడికి తిప్పేవాణ్ణి. అదీ తేలిక కాదు.

మొన్న ఆదివారం ఏడుంపావుకు వెళ్లాం. బుట్ట ఇస్తూ ఆవిడ, "బండికి ముందు వైపు జాలీ వెల్డింగుకి పంపారండీ. అందుకే ఆయన బంతులు ఏరేదాకా, ఏడున్నర వరకు, మిగతావాళ్లని ఆగమన్నాం. మీకైతే ఇచ్చెయ్యమన్నాడు మా ఆయన," అంది. విన్నాను. బుట్ట తీసుకున్నాను.

బండి నూట ఇరవై గజాల దూరంలో ఆగింది. పంజరం గ్లాసు ఎత్తి చూపించాడు. ఏడో నంబరు ఐరన్ క్లబ్బు తీశాను. మూడు బంతులు కుడికి తిప్పాను. నాలుగోది తిప్పలేదు.

ఠంగుమనలేదు. చప్పట్లు లేవు. గ్లాసు పడింది. నేను క్లబ్బును భుజం మీద ఆపి అలాగే నిలబడ్డాను. కొట్టాక అలాగే నిలబడాలి, కోచ్ నేర్పిందదే.

ఆవిడ చెప్పుల్లేకుండా పరిగెత్తింది. అతని ఎడమ కన్ను పోయిందని ఆస్పత్రిలో చెప్పారు. అక్కడ వరండాలో ఆవిడ నా చేతులు పట్టుకుని, "మీరేం బాధపడకండి డాక్టరు గారూ. మీ బంతి ఎప్పుడూ ఆయన మీదికి రాదు కదా. మా ఖర్మ కొద్దీ వచ్చింది," అని ఏడ్చింది. ఖర్మ కొద్దీ అట! మూడు నెలల సాధన అయ్యా అది.

లాయరును బావమరిదే పెట్టాడు. "బావా, నీ చేతగానితనమే నిన్ను కాపాడుతుంది. గాలికి తిరిగిందని చెప్పు చాలు. నీకు గురి లేదని రేంజి రేంజంతా వచ్చి చెబుతుంది," అన్నాడు. నవ్విన వాళ్లందరూ వస్తారట. బోనెక్కి, నాకు కొట్టడం రాదని ప్రమాణం చేసి చెబుతారట.

అక్కర్లేదు. ఆ పూట గాలి లేదు. బంతి నేరుగా వెళ్లింది.

రాసింది నాకు చదివి వినిపించారు. "పొరపాటున తగిలింది" అని కోర్టు గుమాస్తా రాసిన చోట కొట్టేయించి, "గురి చూసి కొట్టాను" అని రాయించాను. నా చేత ఎవరూ బలవంతంగా చెప్పించలేదు, ఇందులో అబద్ధం లేదు. ఆ దిద్దుబాటు పక్కన ఒకటి, ఇక్కడ ఒకటి, రెండు సంతకాలూ నావే.

(సంతకం)