జర్మనీ రాజులకి నేను దిద్దిన వరసలు

“చిన్నమామ్మా, మా మామ్మతో నీకు నలభై ఏడేళ్లు మాటల్లేవంటగా. మళ్లీ ఎలా కలిశారు? చెప్పు, ఫోన్లో రికార్డు చేస్తున్నా.”

జర్మనీ రాజుల వల్ల. నవ్వకు. ఆ ఫోను కాస్త ఎడంగా పెట్టు, దగ్గొస్తే అందులో పడుద్ది.

మీ మామ్మ మా అక్కేగదా. మన ఇంటిపేరువాణ్ణే, వరసకి అన్నయ్యని చేసుకుని కోడూరు వెళ్లిపోయింది. మీ తాతని ఏమీ అనడంలేదు, బంగారంలాంటి మనిషి. కానీ ఒకే ఇంటిపేరంటే అన్నాచెల్లెళ్లు గదమ్మా. పెడనలో మా నాన్న తలెత్తుకోలేకపోయాడు. ఇంట్లో దాని పేరెత్తకూడదన్నారు, ఎత్తలేదు. ఆ మాట మీద అందరికంటే గట్టిగా నిలబడింది నేనే అనుకో.

సరే, మనది కలంకారీ పని. పోయినేడు, కాదు కాదు, అంతకుముందేడు, వానలప్పుడు, అమాలియా అని ఒక జర్మనీ ఆవిడొచ్చింది. ఆవిడ మాట తెలుగులో చెప్పడానికి వెంట బందరు కాలేజీ మేష్టారొకాయన. వాళ్లు ఒకప్పుడు రాజులట. రాజ్యం పోయి వందేళ్లు దాటింది. కోటని టిక్కెట్టు పెట్టి చూపిస్తారట, వీళ్లు పైవాటాలో ఉంటారట. వాళ్ల ముత్తాతలనాటి బందరు అద్దకం దుప్పటి ఒకటి ఆ కోటలో ఉందని, ఆ ఆనవాలు పట్టుకుని వెతుక్కుంటూ మన ఇంటికొచ్చింది. వాళ్ల నాన్నకి తొంభయ్యేళ్లు. చూపు మందగిస్తోంది. ఉన్నన్నాళ్లు కళ్లారా చూసుకుంటాడు, ఏడు తరాల వంశమూ కాయితమ్మీద రాసిచ్చి, ఒక్క గుడ్డమీద వేసిమ్మంది.

చుట్టూ లతలకి కొయ్య అచ్చులున్నాయి. అన్ని పేర్లకి అచ్చులెక్కడ చెక్కిస్తాం? వెదురు కలంతో నేనే రాశా. ఆ అక్షరాలు నాకు రావు, బొమ్మ గీసినట్టు గీశా. అయితే నాకో జబ్బుంది, వరస తెలీందే పేరు రాయలేను. ఈయనకి ఈవిడేమవుద్ది, ఈవిడ ఎవరి కూతురు, అని మేష్టార్ని చంపుకుతిన్నా. తీరా చూస్తే అన్నీ మన సంబంధాలే! మేనత్త కొడుకులూ, మేనమామ కూతుళ్లూ. ముచ్చటేసింది. మన గుడివాడ బాబాయి వాళ్లింట్లో అంతేగదా, ఎవర్ని ఏమని పిలవాలో పెళ్లిభోజనాల్లో తేల్చుకునేవాళ్లం. కాఫీ పావలా ఉన్న రోజులు, ఆయన పెళ్లికి రెండు బండ్ల అరటాకులు... సరే, ఎక్కడున్నాం?

ఆఁ. కిందికొచ్చాక ఆగిపోయా. అన్న కొడుక్కి తమ్ముడి కూతుర్నిచ్చారు. అమ్మో, అన్నాచెల్లెళ్లు! రాజులింట్లో ఇదేం ఖర్మ, కాయితం రాసినవాడే తప్పు రాసుంటాడనుకున్నా. ఎవరికీ చెప్పకుండా దిద్దేశా. ఆ అన్నదమ్ములకి ఒక అక్క ఉంది, పిల్లల్లేరు, కింద ఖాళీ. ఈ పిల్లని తీసి ఆవిడ కింద రాశా. మేనత్త కూతురైపోయింది. వరసా కుదిరింది, గొడ్రాలికి సంతానమూ కలిగింది. పుణ్యం చేశాననుకున్నా.

గుడ్డ పంపిన ఆర్నెల్లకి మేష్టారు ఫోన్ పట్టుకొచ్చాడు. అందులో ఆ ముసలాయన, ఒళ్లో గుడ్డ. నేను దిద్దింది ఆయన అమ్మానాన్నల్నేనట. తిడతాడనుకున్నా. తిట్టలేదు. గుడ్డమీద వేలు పెట్టి, “మా అమ్మని వాళ్ల నాన్న దగ్గర్నించి ఎందుకు తీసేశారమ్మా?” అనడిగాడు, మేష్టారు తెలుగులో చెప్పాడు. మా దగ్గర అన్నాచెల్లెళ్లవుతారండీ, అన్నా. “మా అమ్మ వాళ్ల నాన్నకీ ఆ పెళ్లి ఇష్టంలేదు, రాలేదు కూడా. కానీ మా అమ్మ పేరు కొట్టెయ్యలేదు,” అన్నాడు.

మన నల్లరంగు ఒకసారి పడితే చెరగదు గదా, కొత్త గుడ్డ పరిచా. ముందు ఆ పిల్ల పేరే రాశా, వాళ్ల నాన్న కింద. ఏడుపొచ్చింది. గుడ్డమీద పడకుండా పైటతో తుడుచుకుంటూ రాశా.

అది పంపించేసి మర్నాడు బస్సెక్కా. బందరు, అవనిగడ్డ, అక్కణ్ణించి కోడూరు. ఆధార్ చూపిస్తే ఆడాళ్లకి టిక్కెట్టు కూడా లేదు గదా ఇప్పుడు.

మీ మామ్మ అరుగుమీద చింతపండులో పిక్కలు తీస్తోంది. నన్ను చూసి కాస్త పక్కకి జరిగింది. నేనూ కూర్చుని తీయడం మొదలెట్టా. పిక్కలు తీస్తూనే ఒక్క మాటడిగింది. “నాన్న పోయేముందు నన్నడిగాడా?”

దాచలేదే. “మూడ్రోజులు అడిగాడక్కా. కబురు పెట్టాం, రానందని నాన్నతో చెప్పా. గోడవైపు తిరిగి పడుకున్నాడు. నిజానికి కబురే పెట్టలేదు. నేనే పెట్టనివ్వలేదు,” అని చెప్పేశా.

ఆ చింతపండు చేత్తోనే చెంపమీద ఒక్కటిచ్చింది. గట్టిగానే. కొట్టి, లోపలికెళ్లి, ఇద్దరికీ అన్నం పెట్టుకొచ్చింది. కూరలో ఉప్పు లేదు. నోరు మూసుకుని తిన్నా.

నువ్వెందుకే కళ్లు తుడుచుకుంటావు? చల్లగా ఉండు. ఎవర్ని చేసుకుంటావో నీ ఇష్టం, వరస నేనడగను. అడుగుతాలే, అడక్కుండా ఉండలేను. కానీ పెళ్లికి కబురు పెట్టే పని మాత్రం నాకివ్వమ్మా. గుమ్మం గుమ్మానికీ నేనే వెళ్లి చెప్తా.