పర్లాకిమిడి దాకా వెళ్ళిన రోకలి

అప్పలసూరి ముందు చెప్పిన మాట చిన్నదే. పక్కింటికి వెళ్ళాను, గట్టిగా అడిగాను, రోకలి ఇచ్చేస్తానన్నాడు. అక్కడితో ఆగి ఉంటే, టీ గ్లాసులు పట్టుకుని తలుపు వెనక నిలబడ్డ అతని భార్య జగ్గమ్మ నమ్మేసేదే. కాని వీధరుగు మీద ఇద్దరు మనుషులు కూర్చున్నారు. వినడానికి ఇద్దరు దొరికాక అప్పలసూరి మాట చిన్నదిగానే ఉండిపోవడం పాతపట్నంలో ఇంతవరకూ ఎవరూ చూడలేదు.

పక్కింటి భీమశంకరరావు అడవుల శాఖలో రేంజరుగా చేసి దిగినవాడు. ఏళ్ళ తరబడి ఎండుటాకు చప్పుడుకి చెవి రిక్కించి బతికాడేమో, ఊళ్ళోకొచ్చి ఇల్లు కొనుక్కున్నా ఆ చెవి మూతబడలేదు. గిన్నె జారినా, దూడ అరిచినా, పోపులో ఆవాలు చిటపటమన్నా, రెండిళ్ళ మధ్య గోడ మీద చేతికర్రతో టకటకమని కొట్టేవాడు. కిందటివారం జగ్గమ్మ పెళ్ళిపనులకని మిరపకాయలు దంచుతుంటే కర్ర చప్పుడు చాలలేదు, మనిషే వచ్చాడు. ఈ చప్పుడు మళ్ళీ వినబడితే దీన్ని మహేంద్రతనయ ఏట్లో కలిపేస్తానని చెప్పి రోకలి భుజాన వేసుకుని పోయాడు. ఆ సమయంలో అప్పలసూరి కొట్లో బెల్లం బస్తాల వెనక ఉన్నాడు. వాటి వెనక అతనికి అంత అర్జంటుగా ఏం పని పడిందో జగ్గమ్మ ఇప్పటికీ అడగలేదు.

తెల్లారితే కూతురు పద్మకుమారి పెళ్ళి పసుపు దంచాలి. ఆ ఇంటి ఆడపిల్ల పసుపు ఆ ఇంటి రోకలితోనే దంచడం వాళ్ళ ఆచారం. అడిగి తెచ్చుకున్న రోకలి పనికిరాదు. జగ్గమ్మ మాటే సాగితే, కుంకుమ భరిణె పట్టుకుని ఎప్పుడో పక్కింటికి వెళ్ళి, భీమశంకరరావు భార్య భాగ్యవతికి బొట్టు పెట్టి, పసుపు దంపుకి పిలిచి వచ్చేది. పిలుపు బొట్టు పెట్టించుకున్న ఇల్లు ఆ శుభకార్యానికి అడ్డు చెప్పదు. అప్పలసూరే వెళ్ళనివ్వలేదు. ఆ గడపకి బొట్టు పట్టుకెళితే మనం దిగిపోయినట్టేనని, మగవాడి సంగతి మగవాడు తేలుస్తాడని అన్నాడు. సరేనంది. ఇప్పుడా తేల్చడానికి వెళ్ళిన మగవాడు ఉత్త చేతులతో తిరిగొచ్చి, అరుగెక్కి, టీ పంపమన్నాడు.

"ఇస్తానన్నాడు, బాగానే ఉన్నాది. మరి రోకలేదీ బావా?" అన్నాడు గోవిందరావు. జగ్గమ్మ తమ్ముడు. పెళ్ళిపనులకి నెల్లిమర్ల నుంచి వచ్చాడు. ఒకటి అడిగాడంటే జవాబు వచ్చేదాకా వదిలే రకం కాదు.

"సెప్తానుండరా. ఊరికే ఇస్తానన్నాడేటి ఆడు? నాను గుమ్మంలో కాలెట్టగానే సేతికర్ర ఎత్తాడు. నాను కదల్లేదు. ఇలగ సూసాను, అంతే. కర్ర దానంతటదే దిగిపోనాది. ఏటి సావుకారూ ఇలగొచ్చారన్నాడు. 'రోకలి' అన్నాను. ఆ ఒక్క మాటే, రెండోది నా నోట్లోంచి రానేదు. ఆ తరవాత ఏటయిందో ఎరుకా?"

ఎదురింటి బట్టల కొట్టు చినబాబు, పంచదారకి రేషను వచ్చినప్పటి నుంచీ ఈ అరుగు మీదే బెల్లం టీ తాగుతున్నవాడు కనక, ఆ టీ మర్యాద నిలబెడుతూ, "ఏటయింది మావా?" అన్నాడు.

"తెచ్చి నా సేతిలో ఎట్టాడు."

"ఇప్పుడా సేతిలో టీ గ్లాసే ఉన్నాది," అన్నాడు గోవిందరావు.

"నువ్వు మద్దిలో రాకు. ఎట్టిన రోకలి సంకనెట్టుకుని వచ్చేత్తే నా మరియాదేటవుతాది? 'నీకీ సప్పుడే కదా పడనిది, అయితే ఇను' అన్నాను. ఆడి పెరట్లోనే, ఆడి రోట్లోనే, ఒక్క పోటేసాను. ఇంటి మీద పెంకులన్నీ గాల్లోకి లేసాయి. పడిపోనాయనుకున్నావేమో, లేదు, మళ్ళీ వరసగా దిగి కూకున్నాయి. కిందటి వానలకి కారిన ఇల్లు ఇంక కారదు. ఆ పెంకుల నేత కూలీ నాకే రావాల, నాను అడగలేదు. రెండో పోటేసాను. టేసన్లో సిన్నరైలు ఆగిపోనాది. డ్రైవరు దిగి ఇంజనుకి సెవి ఆనించి ఇంటన్నాడట, దీని గుండె గాని పగిలిందేటని."

సిన్నరైలు పొద్దున్నే వెళ్ళిపోయింది కదా అని గోవిందరావు అడిగాడు. ఎల్లింది, సప్పుడేటో సూద్దామని ఎనక్కొచ్చింది, అన్నాడు అప్పలసూరి.

గ్లాసులు అందించడానికి గుమ్మం దాటిన జగ్గమ్మ కన్ను అప్పుడే గోడ మీద పడింది. గోడకి అవతల, సరిగ్గా అప్పలసూరి వీపు వెనకే, చుట్ట పొగ సన్నగా పైకి లేస్తోంది. అక్కడ భీమశంకరరావు పడక్కుర్చీ ఉంటుంది.

గ్లాసులు పెట్టి తలుపు వెనక్కి వచ్చేసింది. మొగుణ్ణి పిలవాలనుకుంది, పిలవలేదు. ఆమెకి ఇంకో సంగతి తోచింది. ఈ మనిషి అరుస్తున్నట్టే మాట్లాడుతున్నాడు. ఆవాల చిటపటకి కర్ర ఎత్తే గోడ ఇంతసేపు ఊరుకుంది. పొగ కథలో ఒక్కొక్క చోట ఆగుతోంది కూడా, పీల్చడం మరిచిపోయినట్టు.

"మూడో పోటు సంగతి ఇనండి. ఇశాపట్నం మీద బాంబులేసి పోనాడే జపానోడు, ఆడు మళ్ళీ బయల్దేరాడు. సముద్రం మీదికి వచ్చీసాడు కూడాను. అప్పుడు పడింది నా పోటు. 'ఓలమ్మో, పాతపట్నంలో ఫిరంగులెట్టేసారు' అని ఇమానాలు గిర్రున తిప్పీసి రంగూను దాకా ఎనక్కి సూడలేదు. ఈపాటికి కలెక్టరు దొరకి తంతి అందే ఉంటాది. నాకు మెడల్ ఇస్తామంటారు, నానొద్దంటాను, మళ్ళీ ఇస్తామంటారు."

"ఊళ్ళో ఒక్కడికీ ఆ ఇమానాలు కనబడలేదేటి బావా?"

"ఎలగ కనబడతాయిరా, రాకుండానే పోనాయి కదా!"

చినబాబుకి ఈ జవాబు ఎంత నచ్చిందంటే, టీ పక్కన పెట్టి మోకాళ్ళు దగ్గరికి లాక్కున్నాడు. గోవిందరావు మాత్రం ఇమానాలు పోనియ్, రోకలేదీ అన్నాడు. అప్పలసూరి చేతిలో గ్లాసు ఒకసారి అటూ ఇటూ తిప్పాడు. తలుపు వెనక జగ్గమ్మ ఓ అడుగు ముందుకి జరిగింది, ఆమెకి కావలసింది ఆ ఒక్క జవాబే.

"అదే సెప్తన్నాను. నాలుగో పోటు కాస్త బలంగా పడిపోనాది. రోలడుగు తగిలి రోకలి ఎగిరింది. కొబ్బరిసెట్లు దాటింది, ఏరు దాటింది, కాయలు కూడా ఓ గెల దింపుకునే పోనాది. ఎల్లి ఎల్లి పర్లాకిమిడిలో రాజాగారి ఏనుగుల సాల ముందు నిట్టనిలువుగా దిగబడింది. అక్కడ మావటీలు ఏనుగుని కట్టడానికి గుంజ లేక బాధపడతన్నారట. దేముడిచ్చాడని దానికే కట్టీసారు. నలుగురు పట్టి పీకినా రాదు. రేపు నానే ఎల్లి, ఇప్పి తేవాల."

జగ్గమ్మకి లెక్క తేలిపోయింది. రోకలి పర్లాకిమిడి చేరిందంటే, ఈయన పక్కింటి గడపే ఎక్కలేదన్నమాట.

"మరి భీమశంకరరావేటన్నాడు మావా?" అని చినబాబు ఆత్రంగా అడిగాడు.

"ఏటంటాడు? నా కాళ్ళు రెండూ సుట్టేసుకున్నాడు. 'సావుకారూ, ఇంత సక్కటి సప్పుడు ఏ అడివిలోనూ ఇన్లేదు, రేపట్నించి మీ ఇంట్లో సప్పుడు ఆగిందంటే నాకు నిద్దరట్టదు' అని ఒకటే ఏడుపు. నా పంచె అంచు తడిసిపోనాది. ఇదిగో సూడు, ఇంకా ఆర్లేదు."

చినబాబు పంచె అంచు చూడ్డానికి వంగాడు.

గోడ మీద కర్ర టకటకలాడింది.

అప్పలసూరి నోటి దగ్గర గ్లాసు అక్కడే ఉండిపోయింది. అవతల పడక్కుర్చీ కిర్రుమంది, తరవాత గొంతు వచ్చింది, తొందర లేకుండా.

"అప్పలసూరీ, ఆ జపాను విమానాల దగ్గర వీధిలో బండి పోయింది. సరిగ్గా వినబడలేదు. అక్కణ్ణించి మళ్ళీ, కాస్త గట్టిగా చెప్పు."

గోవిందరావు స్తంభాన్ని పట్టుకున్నాడు. నవ్వు బయటికి రాకుండా ఉండడానికి కండువా మొత్తం నోట్లో కుక్కుకోవలసి వచ్చింది. చినబాబు తడి వెతకడం మానేసి, పొడిగా ఉన్న పంచె అంచుని మెల్లిగా కిందికి వదిలాడు.

జగ్గమ్మ లోపలికి వెళ్ళి కుంకుమ భరిణె తెచ్చింది. కొంగు భుజం చుట్టూ కప్పుకుని మెట్లు దిగుతుంటే అప్పలసూరి అసలు గొంతు, అంటే చాలా చిన్న గొంతు, ఎక్కడికే అంది.

"ఏనుగుని ఇప్పడానికి," అంది జగ్గమ్మ.

పక్కింట్లో భాగ్యవతి అప్పటికే గుమ్మంలో నిలబడి ఉంది. బొట్టు పెట్టించుకుని, పిలుస్తారో లేదోనని వారం నుంచీ చూస్తున్నానంది, మొహం కాస్త ముడుచుకునే. పక్కింటి పెళ్ళికి పిలుపు రాకపోతే వీధిలో ఎలా తిరగడం అంది. తప్పు నాదే వదినా, మగాళ్ళకి ఒదిలీసాను అంది జగ్గమ్మ. మొదటి పోటు భాగ్యవతే వెయ్యాలని మాట తీసుకుంది. కుర్చీలో ఉన్నాయన ఇదంతా విన్నాడు, విననిది ఆయనకేం ఉండదు కదా. ఇందాక మా వీధి గుమ్మం దగ్గర ఎవరో రెండుసార్లు దగ్గి వెళ్ళిపోయారు, ఆ దగ్గు మీద కూడా ఒక మాట చెప్పాలనుకున్నాను, అన్నాడు. జగ్గమ్మ నేల చూసింది. ఆయన లేచి, వంటింటి మూల నుంచి రోకలి తెచ్చి, ఆ రోజు పట్టుకుపోయినట్టే భుజాన వేసుకుని, ఆమె వెనకే నడిచాడు.

అరుగు మీద అప్పలసూరి లేచి నిలబడడానికీ, లోపలికి పోవడానికీ మధ్య ఎక్కడో ఉన్నాడు. భీమశంకరరావు రోకలిని అతని కాళ్ళ దగ్గర, ఇనప పొన్ను నేలకి తగిలినా చప్పుడు కాకుండా, జాగ్రత్తగా ఆనించాడు.

"ఏనుగు రానంది. ఇదొక్కటే వచ్చింది," అన్నాడు, చినబాబు జరిగి ఇచ్చిన చోట కూర్చుంటూ. "ఊఁ, విమానాలు."