అమ్మ భయం

క్రిస్మస్ సెలవులకు అత్తగారు తన ముసలి కుక్క భూరిని వెంటబెట్టుకుని బొల్లారంలోని కొడుకింటికి వచ్చింది. రెండో రోజు ఉదయం, నాలుగేళ్ల మనవరాలు సంహిత వాకిట్లో భూరి పక్కన ఎండకు కూర్చుంది. అత్తాకోడళ్లు గుమ్మంలో నిలబడ్డారు.

“అత్తమ్మా, భూరిని కట్టేయుర్రి. సంహిత జడుసుకుంటది.”

“కట్టెయ్య. పన్నెండేండ్లు నా ఒళ్లె పెరిగింది అది. జెర సూడు, నీ బిడ్డనే దానికి పాలు పెడుతుంది.”

“నిజమే! ఏడాది నుంచి కుక్క కనబడితే చాలు, నా చున్నీ గట్టిగ పట్టుకుంటది. పార్కుకు పోవుడే బంద్ చేసినం.”

“ఏడాది కింద ఏమైంది?”

“వీధికుక్క మా మీదికి ఉరికొచ్చింది. కరవలేదు గానీ, నేను గట్టిగ ఒర్రిన.”

“చిన్నప్పుడు నిన్ను కుక్క కరిచిందట గదా. మావోడు చెప్పిండు.”

“బొడ్డు చుట్టు పద్నాలుగు సూదులిచ్చిన్రు అత్తమ్మా. ఇంకా యాదికుంది.”

“రాత్రి పండుకునేటప్పుడు నీ బిడ్డను అడిగిన, కుక్కంటే ఎందుకే భయమని. ‘నాకు భయం లేదు నాయనమ్మా. అమ్మకే భయం. నేను పట్టుకుంటే అమ్మకు ధైర్యం వస్తది’ అన్నది.”

“గట్లన్నదా?”

“గట్లనే అన్నది.”

కోడలు నెమ్మదిగా మెట్లు దిగింది.

“నేను సుత రావాల్నా?”

“వద్దు అత్తమ్మా, నేనే పోత. సంహితా, జెర జరుగు. నేను సుత భూరి పక్కన కూసుంట.”