మూడు హారన్లు

ఆదివారం కుదరదు వదినె. ఎన్నిసార్లు చెప్పాలె చెప్పు? గోదాంల నాకు స్లాట్ పడ్డది. స్లాటంటే నా బండి గేటు లోపలికి పోవాల్సిన టైము, ఫోన్ల వస్తది. నాలుగు పదికి అంటే నాలుగు పదికే. నాలుగు ఇరవైకి పోతే వాచ్‌మన్ గూడ మొకం సూడడు.

కూడిక మూడింటికేనా? అయితే మాత్రం గంటల ఒడుస్తదా అది? మన పాస్టరయ్య ప్రార్థన అందుకుంటే చాయ సల్లారుడే గని ఆమెన్ ఇనబడదాయె.

జర ఆ మెట్టు మీదికెల్లి లేచి ఈ కుర్సీల కూసో. వద్దా? సరే, నీ ఇష్టం. నువ్వు బండి మెట్టు మీద కూసుంటే నేను బండి తియ్యరాదు, అందుకని అంటున్న. ఇయ్యాల గూడ రెండున్నరకు పోవాలె.

భిక్షమన్న పోయి ఏడాదాయె. తెలుసు, మరిసిపోలే నేను. జ్ఞాపకార్థ కూడిక పెడుతున్నరు, మంచిదే. నన్ను లేచి సాక్ష్యం చెప్పుమంటున్నవ్. ఇరవై ఏండ్ల దోస్తువి ఎలీషా, నువ్వు చెప్పకుంటే ఎవరు చెప్తరంటున్నవ్. బీరయ్యను చెప్పుమనరాదు? వాడు మైకు దొరికితే ఇడిసిపెట్టడు.

నేనేం చెప్పాలె వదినె? బండి తోలెటోన్ని. నాకు కిరాయి లెక్క తెలుసు, తొవ్వ తెలుసు. మాట్లాడుడు రాదు.

యాదికున్నదా, మా బాపు ఈ పని మొదలు పెట్టినప్పుడు ఊర్ల ఒక్క పూల రైతుకు గూడ సొంత బండి లేకుండె. మన చిన్న మంగళారం ఊరి చామంతులన్నీ బాపు సాముయేలు బండిలనే పట్నంల గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కు పోయేటివి. ఒక్కొక్క చెలక మలుపు కాడ ఆగి మూడు హారన్లు కొట్టేటోడు. ఇంట్ల ఉన్నా, బాయి కాడ ఉన్నా, ఇనంగనే మూట ఎత్తుకోని రావాలె.

నాకు స్టీరింగ్ ఇచ్చిన నాడు బాపు ఒక్కటే మాట చెప్పిండు. "హారన్ కొట్టినంక మనిషి రాకముందు చక్రం తిరగొద్దు బిడ్డా. నెత్తిన మూటతోని ఉరుకొచ్చెటోన్ని ఇడిసిపెట్టి పోతే, వాని నోటికాడి బుక్క గుంజుకున్నట్టే" అన్నడు. ఒకసారి యాదయ్య పెండ్లాము కోసం గంటసేపు ఆగిండు. ఆమెకు పురిటినొప్పులు మొదలైనయట. మూట అక్కడ పడేసి ఆమెనే బండిల ఎక్కిచ్చుకోని దవాఖానకు తోలిండు. ఆనాడు మార్కెట్ల పూలు అడిగినోడు లేడు. ఎవ్వరన్నా ఏమన్నరా? అనలే.

అప్పుడు బండి నిండేది వదినె, అదీ సంగతి. నలభై మూటలు పోయేటివి. నిండిన బండికి దయ ఉంటది.

ఇగ గులాబీలు పెట్టిన పెద్ద పెద్ద సార్లకు కంపెనీ ఏసీ బండి వచ్చింది. నేరుగ తోట కాడికే వస్తది. వాళ్ళు పోతే పోయిన్రు, ఇరవై తొమ్మిది మూటలు వాళ్ళతోనే పోయినయ్. మిగిలింది మీ అసొంటోళ్ళవి పదకొండు. డీజిల్‌కు తెలుసా బండిల ఎన్ని మూటలున్నయో? నలభైకి ఎంత తాగుతదో పదకొండుకూ అంతే తాగుతది. కిరాయి పెంచితే చిన్న రైతు పూలను చెట్టు మీదనే ఎండబెడతడు. పెంచకుంటే నేను బండి అమ్ముకోవాలె. పెద్దోళ్ళు తొవ్వ మార్చుకుంటే చిన్నోళ్ళకు తొవ్వనే లేకుండ పోతది.

అందుకే మొయినాబాద్ గోదాంకు బండి పెట్టిన. సగం బండిల మీ పూలు, సగం బండిల వాళ్ళ డబ్బాలు. పట్నంల దుకాండ్లకు సబ్బులు, నూనెలు, పిల్లల బొమ్మలు. అట్లనన్న మీ పదకొండు మూటలు మార్కెట్‌కు పోతున్నయ్ గద అనుకున్న. మీ కోసమే పెట్టిన అంటలేను. నా కోసం గూడ.

ఆ గోదాం ఉన్న జాగల మనం క్యారెట్ తవ్వినం వదినె. నువ్వు, అన్న, నేను, కూలికి పోయి. ఇప్పుడు ఆ జాగల పొద్దూ మాపూ లేదు, లైట్లే. రోడ్డు పొంటి కంటెయినర్లు రైలు డబ్బాల తీరు నిలబడి ఉంటయ్, వాటి స్లాట్ కోసం.

పోయినేడాది, అన్న పోయిన వారం మరీ ఎక్కువున్నయ్. నేను సూపర్‌వైజర్‌ను అడిగిన. ఉదయ్‌భాస్కర్ అని, మంచి పోరడే. ఏంది సారూ, రోడ్డంత నింపిన్రు అంటే, "ఓడలు లేటయినయ్ అన్నా" అన్నడు. ఎక్కడో సముద్రంల గొడవలయితున్నయట, ఓడలు సుట్టు తిరిగి వస్తున్నయట. ఇరవై దినాలు రాని సరుకంత ఒక్కపారి వచ్చి పడ్డదట. అందుకే స్లాట్‌లు ముందుకు గుంజుతున్నమన్నడు.

సముద్రం సూసినమా వదినె మనం? ఈసీ వాగు పారితేనే పండుగ మనకు. ఏ సముద్రంలనో ఓడ తొవ్వ మళ్ళితే, చిన్న మంగళారంల నా ఫోన్ మోగింది.

ఏందీ? ఎవరు తాగుతలేరు?

అత్తనా? ఇంకా నీ చేతి నీళ్ళు ముడ్తలేదా? ఏడాదాయె గద వదినె. ఏడాదంత ఒక్క ఇంట్ల ఉండి... ఎవరు పోస్తరు మరి ఆమెకు? ప్రేమజ్యోతి పోస్తదా? ఎనిమిదేండ్ల పిల్ల, దానికేం సమజయితది నాయినమ్మ అమ్మ చేతి నీళ్ళు ఎందుకు తాగదో?

చాయ. ఔ, తెలుసు. చాయ తాపి నా కొడుకును సంపింది అన్నది దవాఖాన కాడ. నేను అక్కడనే ఉన్న గద.

నువ్వు గూడ గట్లనే అనుకుంటున్నవా? ఆ దినం నుంచి చాయ ఇడిసిపెట్టినవా? నాకు తెల్వది వదినె. అమ్మతోడు, తెల్వది. మొన్న మా ఇంట్ల గిలాస పక్కకు జరిపితే, ఒంట్ల బాగలేదేమో అనుకున్న.

అత్త ముంగట అన్న గురించి నేను నాలుగు మంచి మాటలు చెప్తే ఆమె మనసు కరుగుతదనా? అందుకా నన్ను లెవ్వమంటున్నవ్? ఇంటివాళ్ళు తీస్తే పోయే ముల్లు కాదని, బయటోని నోట చెప్పిస్తున్నవా?

అయ్యో వదినె.

ఆగు. లెవ్వకు. కూసో. చెప్తా.

ఆ దినం నా స్లాట్ నాలుగు పదికే ఉండె. బాపనమ్మ మలుపు కాడ మూటలు ఎక్కించుకుంటుంటే ఫోన్ మోగింది. మూడున్నరకు రావాలె, లేకుంటే వారం దినాలు బండి బంద్ అని. అప్పటికే మూడు దాటింది. తొమ్మిది మూటలు ఎక్కినయ్. మీ రెండే ఉన్నయ్.

మీ మలుపు కాడికి వచ్చిన. కంచె అవుతల అన్న కనబడ్డడు. నీ పాత నీలం చీర ముక్కల పూలు పోసి, వొంగి, ముడి ఏస్తుండె. ఇంకో మూట పక్కకే తెరిచి ఉండె. రెండు ముడులు, ఐదు నిమిషాల పని. హారన్ కొడితే తలకాయెత్తి చెయ్యి ఊపుతడు. వస్తున్న తమ్మీ అంటడు. అన్నడంటే నేను ఆగాలె. మా బాపు మాట. హారన్ కొట్టి ఆగకుండ పోయే ధైర్యం నాకు లేదు వదినె.

అందుకే కొట్టలే.

ఇన్నవా? మూడు గాదు. ఒక్కటి గూడ కొట్టలే. అక్కడ కొద్దిగ దిగుడున్నది గద, బండిని న్యూట్రల్‌ల ఇడిసిన. ఇంజన్ సప్పుడు ఇని తిరుగుతడేమోనని. మెల్లగ జారిపోయింది బండి. అద్దంల సూసిన. ఆయన వొంగినోడు వొంగినట్టే ఉన్నడు, నోట్ల తాడు పట్టుకోని.

రేపు ఏదో ఒకటి చెప్పుకుందాం తియ్ అనుకున్న. టైరు పంచరయిందని చెప్తే నవ్వి ఊకుంటడు అనుకున్న.

ఎంతసేపు నా కోసం సూసిండో నాకు తెల్వది. నీకు తెలుస్తది. తర్వాత ఆ రెండు మూటలు మోపెడ్‌కు కట్టుకోని తనే మార్కెట్‌కు బయలెల్లిండు. గోదాం కాడ రోడ్డు పక్కన కంటెయినర్లు నిలబడి ఉన్నయ్, వాటిని తప్పించుకోని నడుమలకు వచ్చిండు. ఎదురుంగ లారీ.

నేను డబ్బాలు ఎత్తుకోని గేటు బయటికి వచ్చేసరికి ట్రాఫిక్ ఆగి ఉన్నది. రోడ్డంత చామంతులు. ఎవరివో పాపం అనుకున్న. తర్వాత ఆ నీలం చీర ముక్క కనబడ్డది.

దవాఖానల అందరు నా మీద పడ్డరు. ఏమైంది ఎలీషా, నీ బండిల ఎందుకు రాలే అని. నా నోట్లెకెల్లి అదే వచ్చింది. మూడు హారన్లు కొట్టిన, రాలే అన్న. ఇరవై ఏండ్ల సంది చెప్పే మాట వదినె, దానంతటదే వచ్చింది. అప్పుడు నువ్వు ఏడ్సుకుంట అన్నవ్, చాయ తాగిపో అని నేనే కొట్టంలకు పిలిచిన, అందుకే ఇనబడలేదేమో అని. అత్త ఆ మాట పట్టుకున్నది.

నేను అప్పుడే చెప్పాలె. చెప్పలే. మట్టి అయినంక చెప్తా అనుకున్న. నలభై దినాలు అయినంక చెప్తా అనుకున్న. నీ ఇంటి ముంగటికెల్లి రోజూ పోయిన, రోజూ మూడు హారన్లు కొట్టిన. మూట లేకున్నా కొట్టిన. నువ్వేమో, ఎలీషా మరిసిపోతలేడు అని అందరితోని చెప్పినవట.

నీ చాయకు దోషం లేదు వదినె. చాయ తాగి వచ్చి మూట కట్టుకుంటుండె మనిషి. నేను సూసిన గద.

ఏమన్నా అనరాదు. తిట్టు. చెంప మీద కొట్టు. గట్ల సూడకు.

ఏందీ? ఇదే చెప్పాల్నా? ఆదివారం? అందరి ముంగట, అత్త ముంగట?

నీకు చెప్పిన గద. నువ్వు పోయి అత్తకు చెప్పుకోరాదా? నమ్మదా... ఔ, నమ్మది. నీ నోటితోని చెప్తే ఎందుకు నమ్ముతది.

అయితే ఊర్ల ఇంకెవడన్నా ఒక్క మూట ఏస్తడా నా బండిల? పదకొండు కాస్త తొమ్మిదాయె. అది గూడ పోతే బండంత గోదాందే. మా బాపు పేరు... సరే, బాపు పేరు నేను ఆ దిగుడు కాడనే ఇడిసిపెట్టిన, దాన్ని ఇప్పుడు అడ్డం తెచ్చుడెందుకు.

సూస్తా. ఆదివారం స్లాట్ ముంగటికో ఎనకకో జరుగుతదేమో ఉదయ్‌భాస్కర్‌ను అడిగి సూస్తా. జరిగితే వస్తా. వస్తే... చెప్తా. చెప్పనీకె ప్రయత్నం చేస్తా.

ఇగో, మోగుతున్నది సూడు ఫోన్. రెండున్నర స్లాట్ రెండింటికి గుంజిన్రు. ఓడలు ఎప్పుడో సక్కగయినయ్, వీళ్ళు మాత్రం గుంజుతనే ఉన్నరు.

వదినె.

జర లేవు వదినె. బండి తియ్యాలె.